పంతొమ్మిది శాలువాలు, ఒక మేకపోతు

రాంచీ వైపు మా కెరాపానీ ఊళ్ళో మార్సెలా తెతెకి జరిగినన్ని సన్మానాలు ఈ బ్లాకు మొత్తంలో ఇంకెవరికీ జరగలేదు. పంతొమ్మిది శాలువాలు, పదిహేడు జ్ఞాపికలు, ప్లాస్టిక్ కాగితంలోనే వాడిపోయిన పూలగుత్తులు బోలెడు. ప్రతి సన్మానపత్రమూ రాసింది నేనే. నా పేరు జస్టిన్ కేర్కెట్టా. మిషన్ బడిలో ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చేతిరాత బాగుంటుందని, ఈ చుట్టుపక్కల ఎవరికి శాలువా కప్పాలన్నా కాగితం నా దగ్గరికి పంపిస్తారు. "క్రీడారంగంలో స్త్రీజాతికి వన్నె తెచ్చిన" అని మొదలుపెడతాను. అంత సిగ్గుమాలిన వాక్యం నా జన్మలో ఇంకోటి రాయలేదు.

ఆ సన్మానం ఎలా జరుగుతుందో చెబుతాను. ప్రతి ఏడూ మార్చి ఎనిమిదిన బడి వంటింట్లోంచి మార్సెలాని పట్టుకొస్తారు. ఆవిడ ఆ బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది. పదింటికల్లా రమ్మంటారు. ముఖ్య అతిథి కారు ఒంటిగంటకి గానీ రాదు. అప్పటిదాకా ఆవిడ పసుపంటిన చేతులతో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ఎండకి కూర్చుంటుంది. అతిథి వచ్చి, స్త్రీ అంటే శక్తి అని ముప్పావుగంట చెబుతాడు. మన ఆడపిల్లలు ఎందులో తక్కువ అని అడుగుతాడు. ఎవరూ పలకరు, అందరూ ఒప్పుకున్నారనుకుని ముందుకు పోతాడు. మిట్టమధ్యాహ్నం, చెమటలు కారుతుండగా, ఆవిడకి ఉన్ని శాలువా కప్పుతాడు. ఫోటో తీసేవాడు ఇటు తిరగమంటే తిరగాలి, నవ్వమంటే నవ్వాలి. చివర్లో రెండు మాటలు చెప్పమని మైకు ఇస్తారు. "పిల్లలకి బంతులు లేవు" అని ఆవిడ మొదలుపెట్టగానే చప్పట్లు మోగుతాయి, మైకు చేతులు మారుతుంది. ఒక ఏడు ఒక పెద్దమనిషి ఆవిడ కబడ్డీ ఆటని తెగ పొగిడాడు. ఆవిడ ఆడింది హాకీ. దారిలో నేను నొచ్చుకుంటే, ఆవిడ మాత్రం ఏ ఆటైతే ఏంటి, వాడేమన్నా చూశాడా పెట్టాడా అంది.

ఆ శాలువాలు ఆవిడ ఏం చేసిందో ఈ పెద్దలెవరికీ తెలియదు, అడిగినవాడూ లేడు. మడతపెట్టి, మధ్యలో వరిగడ్డి దూర్చి, గోనెసంచి కుట్టే సూదితో కుట్టి, గోల్‌కీపరు కాళ్ళకి కట్టుకునే దిళ్ళు చేసింది. జ్ఞాపికల అడుగున ఉండే చెక్క దిమ్మలు మైదానం మూలల్లో గుర్తులుగా పాతింది. సన్మానాల వల్ల మా ఆడపిల్లల ఆటకి ఏమన్నా ఒరిగిందంటే అదొక్కటే, అది కూడా ఆవిడ సూది పుణ్యమే.

మార్సెలా గురించి గొప్పగా చెప్పడానికి నాకు చేతకాదు. గొప్పగా చెప్పేవాళ్ళని చూసి చూసి నాకు ఆ భాష మీదే రోత పుట్టింది. పొట్టిమనిషి, పెద్ద గొంతు, ఎడమ మోకాలు సరిగా వంగదు. రాష్ట్రం తరఫున రెండుసార్లు పెద్ద పోటీలకి వెళ్ళింది. రెండోసారి మోకాలు పోగొట్టుకుని వచ్చింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మొగుడు ఇప్పసారాకి కాలేయం అప్పగించి పోయాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ అన్నం గిన్నెలు తోమాక పిల్లల్ని తీసుకుని మైదానంలోకి దిగుతుంది. వంకర తిరిగిన కొమ్మలు నరికి కర్రలు చెక్కుతుంది. వెదురు దుంపని గుండ్రంగా చెక్కి బంతి చేస్తుంది. ఆవిడ తిట్లు మా ఇంటిదాకా వినిపిస్తాయి. ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లలు నలుగురు ఇప్పుడు పెద్ద క్రీడా హాస్టళ్ళలో ఉన్నారు. వాళ్ళ ఫోటోలకి కూడా నేనే సన్మానపత్రాలు రాశాను.

ఇంక మేకపోతు సంగతి. మా వైపు హాకీ పోటీ అంటే కప్పు ఉండదు. ఖస్సీ ఉంటుంది, అంటే బాగా మేపిన మేకపోతు. దాన్ని మైదానం పక్కన మేకుకి కట్టేస్తారు. గెలిచిన జట్టు నాయకుడు తాడు పట్టుకుని దాన్ని ఊరిదాకా నడిపించుకుంటూ పోవాలి. ఊళ్ళో దాన్ని కోశాక, ఆడిన పదకొండుమందికీ గుగ్గిలం ఆకుల్లో పదకొండు వాటాలు పెడతారు. ఆ రోజు ఈల ఊదినవాడు ఒక్కొక్కరి పేరూ ఊరందరి ముందు గట్టిగా పిలుస్తాడు. పిలిచినవాడు లేచి తీసుకుంటాడు. ఊరంతా ఒక్కసారి "హో" అంటుంది. తలకాయ గోల్‌కీపరుకి పోతుంది. మిగిలిన మాంసం పెద్ద గుండిగలో ఉడికి అందరికీ వడ్డనవుతుంది. మా ఊళ్ళో ఒక మనిషి ఆటగాడని తేలేది ఆ పిలుపుతోనే. పేపర్లో ఫోటో పడితే ఎవరూ "హో" అనరు.

ఎనభై మూడులో మొదటిసారి ఆడపిల్లలకి కూడా ఖస్సీ పోటీ పెట్టారు. మార్సెలాకి అప్పుడు పదిహేడు. సెంటర్ హాఫ్ ఆడింది, జట్టు నాయకురాలు కూడా ఆవిడే. మా ఊరే గెలిచింది. ఈల ఊదింది నేను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ళ కుర్రవాణ్ణి, ఊళ్ళో పెద్దమనిషిలా కనిపించాలని మహా తాపత్రయంగా ఉండేది. వాటాలు పిలవాల్సి వచ్చేసరికి ఆడపిల్లల పేర్లు నలుగురిలో అరవడం ఏం బాగుంటుందనిపించింది. ఇంటి మగవాళ్ళ పేర్లు పిలిచాను. మార్సెలా వాటా దగ్గర ఆవిడ అన్న మారియానుస్ పేరు పిలిచాను. ఆట జరిగినంతసేపూ ఇప్పచెట్టు కింద పడి నిద్రపోయినవాడు లేచి, ఆవలిస్తూ వచ్చి తీసుకున్నాడు. ఊరు వాడికి "హో" అంది. మేకపోతు తాడు లాగి లాగి ఒరుసుకుపోయిన చేతులు వెనక్కి పెట్టుకుని మార్సెలా గోడవారన నిలబడి ఉంది.

మరుసటి ఏడు మేకపోతు తీసేశారు. ఆడపిల్లలు తాడు పట్టుకుని ఊళ్ళవెంట పోతే చూడ్డానికి ఏం బాగుంటుందని స్టీలు పళ్ళేలు ఇచ్చారు. తర్వాత చీరలిచ్చారు, ఆ తర్వాత ప్రెషర్ కుక్కర్లు. ఇప్పుడు శాలువాలు. గౌరవం పెరిగేకొద్దీ తినడానికి ఏమీ లేకుండా పోయింది.

ఈ ఏడు రాంచీ నుంచి, పోయిన ఏడు శాలువా పంపిన సంస్థవాళ్ళే రాశారు. మహిళా క్రీడాకారుల్ని ఘనంగా సన్మానించి, పల్లెల్లో ఆడపిల్లలకి స్ఫూర్తి కలిగిస్తారట. మార్చి ఎనిమిదిన ఎనిమిది ఊళ్ళ ఆడపిల్లల జట్లతో మా మైదానంలో పోటీ, వాళ్ళ అధ్యక్షురాలు మేడం స్వయంగా వస్తుంది, ఎనభై ఎనిమిదిమందికీ శాలువా, పత్రం. మా హాకీ సమితి కార్యదర్శి ఇగ్నేస్ బిలుంగ్ ఆ ఉత్తరం పట్టుకుని మూడు రోజులు ఊరంతా తిరిగాడు. ఇగ్నేస్ జన్మలో కర్ర పట్టినవాడు కాదు. వాడి పొట్ట చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పత్రాల కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

మార్సెలా సమితి సమావేశానికి వచ్చి ఒక్కటే అడిగింది. గెలిచిన జట్టుకి ఖస్సీ కావాలి, ఆడినవాళ్ళని ఆడినవాళ్ళ పేర్లతో పిలవాలి. ఇగ్నేస్ మొహం చిట్లించాడు.

"మేడం పక్కన మేకపోతు ఏం బాగుంటుంది దీదీ? ఫోటోలు రాంచీ దాకా పోతాయి. ఆడవాళ్ళకి గౌరవం చేద్దామని మేం తిప్పలు పడుతుంటే నువ్వు మేక మేక అంటావేంటి?"

"జనవరిలో మగపిల్లలకి మేకపోతునే ఇచ్చారుగా. వాళ్ళకి అగౌరవం చేశారా మరి?"

"వాళ్ళంటే తింటారు."

"మా పిల్లలు శాలువాలు నములుతారా?"

నలుగురు నవ్వారు. ఇగ్నేస్ నవ్వలేదు, ఒప్పుకోలేదు కూడా. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఒక మాట అనొచ్చు, అనలేదు. నా ముందు పత్రాలున్నాయి, కలం మూత తీసి ఉంది. మార్సెలా నావైపు చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. నేను ఆ రోజు ఇంకో ఆరు పత్రాలు పూర్తి చేశాను.

తర్వాతి వారం ఆవిడ ఎనిమిది ఊళ్ళూ తిరిగింది. వంగని మోకాలితో, నడిచే. ఎక్కడా ఉపన్యాసం ఇవ్వలేదు. శాలువా కోసం ఆడతారా, ఖస్సీ కోసం ఆడతారా అని పిల్లల్ని అడిగింది, అంతే. ఒక్కో పిల్లా ఇంటినుంచి గిన్నెడు బియ్యం కొంగున కట్టుకొచ్చింది. ఆ బియ్యానికి మా ఊరి పౌలీనా ముసలమ్మ తన నల్ల మేకపోతుని ఇచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు, మగవాళ్ళలో ఒక్కడికీ తెలియదు. మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఒక గిన్నెడు తగ్గిన సంగతి కూడా నాకు తర్వాత తెలిసింది.

మార్చి ఎనిమిది వచ్చింది. మైదానంలో షామియానా, వేదిక, మైకు, ఎర్ర కుర్చీలు. వేదిక వెనక గుడ్డ మీద ఎగురుతున్న అమ్మాయి బొమ్మ, ఎవరో తెల్ల అమ్మాయి. మేడం ఈసారి పదింటికే వచ్చింది. శాలువాల మూటలు దిగాయి. ఒక్క జట్టూ రాలేదు. ఇగ్నేస్ మైకులో ఎనిమిది ఊళ్ళ పేర్లూ పిలిచాడు, బతిమాలాడు, బెదిరించాడు. పదకొండయింది. చివరికి నా చేతిలో పత్రాల కట్ట పెట్టి, మార్సెలా మీ శిష్యురాలే కదా మాస్టారూ, పోయి పిల్లల్ని తోలుకురండి అన్నాడు. తోలుకురావడానికి వాళ్ళు మేకలా అని అడగాల్సింది. అడక్కుండా సైకిలెక్కాను.

వాగు దాటి చర్చి వెనక్కి వెళ్ళేసరికి కేకలు వినిపించాయి. కోతలైపోయిన పొలాల్లో గట్లు చదును చేసి, ముగ్గుపిండితో గీతలు గీసి, మూలల్లో జ్ఞాపికల దిమ్మలు పాతి ఉన్నాయి. సగం గీత పక్కన నల్ల మేకపోతు మేకుకి కట్టేసి ఉంది. గట్ల నిండా జనం. అంత జనం మా సన్మానసభకి ఎన్నడూ రాలేదు. పొద్దున్నించి ఆడుతున్నారు, ఇంక చివరి ఆటే మిగిలింది. కెరాపానీకీ, టుంగ్రీడీకీ.

మార్సెలా నన్ను చూసి, చేతిలో కాగితాల కట్ట చూసింది.

"ఎందుకొచ్చారు మాస్టారూ?"

"పిల్లల్ని తీసుకురమ్మన్నారు."

"ఆట కాలేదు. ఈ ఆటకి ఈల ఊదేవాడు లేడు. ఊదితే ఉండండి, లేకపోతే సైకిలు అడ్డం తీయండి."

పత్రాల మీద ఒక రాయి పెట్టి ఈల అందుకున్నాను. అరవై నాలుగేళ్ళ వయసులో నేను చేసిన సాహసం అంతమాత్రమే. దానికి నన్ను ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. చెప్పులు లేని కాళ్ళు, వరి మోళ్ళు, దుమ్ము. సగం ఆటకి ముందే మా పిల్లలు ఒక గోలు వేశారు. ఆ తర్వాత టుంగ్రీడీ వాళ్ళు మావాళ్ళని మళ్ళీ సగం గీత దాటనివ్వలేదు. ఇంకో ఐదు నిమిషాలుందనగా మా బ్యాక్ ఆడే పిల్ల గోలు గీత మీద కాలితో బంతి ఆపింది. నేను పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చాను. మా ఊరివాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. గోల్లో అస్రితా కుల్లు నిలబడి ఉంది. పదిహేనేళ్ళ పిల్ల, కాళ్ళకి శాలువా దిళ్ళు, తలకి తండ్రి మోటారుసైకిలు హెల్మెట్. కొట్టిన అమ్మాయి బలంగానే కొట్టింది. అస్రితా ఎడమకాలు చాపింది. బంతి దిండుకి తగిలిన చప్పుడు గట్టుదాకా వినిపించింది. అది తగిలిన చోటే ఆగి కింద పడింది.

ఆ సమయానికే ఇగ్నేస్ మేడం కారుని గట్టుదాకా తెచ్చాడు. దిగుతూనే నావైపు చూసిన చూపులో నేను భస్మమైపోవాలి, కాలేదు. మిగిలిన ఐదు నిమిషాలూ ఆడించి నేను ఆఖరి ఈల ఊదాను. మేడం సరాసరి అస్రితా దగ్గరికి వెళ్ళి, వంగి, దిండు మీద బంగారు జరీ అంచు చూసింది. అంచు మీద తన సంస్థ పేరు నేసి ఉంది, పోయిన ఏటిది. ఇది మేమిచ్చిన శాలువాయేనా అని మెల్లగా అడిగింది.

"అవును మేడం," అంది అస్రితా చాలా మర్యాదగా. "బంతి ఎంత గట్టిగా తగిలినా నొప్పే తెలియట్లేదు."

ఇన్నేళ్ళలో ఆ శాలువాలని నిజంగా మెచ్చుకున్నది ఆ పిల్ల ఒక్కతే. మేడం ఏమనుకుందో నాకు తెలియదు. వెళ్ళి మేకపోతు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. ఇగ్నేస్ బాగుండదన్న ఫోటో అదే. వాడు కూడా వెళ్ళి రెండో పక్కన నిలబడి నవ్వాడు. తర్వాత వేదిక ఖాళీగా పోకూడదని, షామియానా కింద నీడకి కూర్చున్న ముగ్గురు ఆశా కార్యకర్తలకీ, టీ పోసే ఆవిడకీ శాలువాలు కప్పించి మేడంని కారెక్కించారు. వాళ్ళని చూసి ఏ ఆడపిల్లలకి స్ఫూర్తి కలిగిందో ఇగ్నేస్‌నే అడగాలి.

జట్టు నాయకురాలు తాడు పట్టుకుని మేకపోతుని ఊళ్ళోకి నడిపించింది. మూడింటికల్లా కోత అయింది. మార్సెలా కత్తి పట్టి కూర్చుని వాటాలు వేసింది. పదకొండు ఆకులు వరసగా పరిచింది. ఈల ఊదినవాడే పిలవాలి కాబట్టి నేను రాయి మీదకెక్కాను. ఊరంతా చేరింది. తలకాయ వాటా ముందు పిలవాలి. నోరు తెరిచాను. నలభై ఏళ్ళ అలవాటు, ఎన్ని వందల ఖస్సీలకి పిలిచానో, నా నోట్లోంచి ఇంట్లో మగవాడి పేరు దానంతటదే వచ్చేసింది.

"బోనిఫాస్ కుల్లూ!"

అస్రితా తండ్రి బోనిఫాస్ సగం లేచి చేతులు చాపాడు. అస్రితా దిళ్ళు విప్పకుండానే నేల మీద కూర్చుని ఉంది. నావైపు చూసి తల దించుకుంది. ఊళ్ళో ఒక్కరూ "హో" అనలేదు. మార్సెలా కత్తి కింద పెట్టింది.

"మాస్టారూ, గోల్లో నిలబడింది బోనిఫాసా?"

జనం పగలబడి నవ్వారు. బోనిఫాస్ చాపిన చేతుల్ని ఏం చేయాలో తెలియక నెత్తి గోక్కుని కూర్చున్నాడు. ఆ నవ్వు వాడిమీద కాదు. నేను అంత పెద్ద దద్దమ్మనని నాకు తెలిసిన రోజు అది. పేరు నోట్లోకి తెచ్చుకుని, గొంతు సవరించుకుని మళ్ళీ పిలిచాను.

"అస్రితా కుల్లూ!"

ఆ పిల్ల లేచింది. దిళ్ళ బరువుకి కాళ్ళు ఎడంగా వేస్తూ వచ్చి, రెండు చేతులా తలకాయ అందుకుంది. ఊరు "హో" అంది. బోనిఫాస్ గొంతు అందరికన్నా పైన వినిపించింది. తర్వాత పదిమందినీ పిలిచాను. పదిమందివీ వాళ్ళ పేర్లే, ఒక్కటీ తప్పలేదు.

నేను రాయి దిగాను. మార్సెలాని అడిగి గుండిగలోకి పోవాల్సిన మాంసంలోంచి ఇంకో వాటా నేనే ఆకులో పెట్టాను, చేతికందిన ముక్కలన్నీ వేసేశాను. మళ్ళీ రాయెక్కి, "మార్సెలా తెతే!" అని పిలిచాను.

ఆవిడ కదల్లేదు. కత్తి కడుక్కుంటూనే ఉంది.

"నేనివాళ ఆడలేదు. ఆడనివాళ్ళకి ఇవ్వడానికి మీ దగ్గర శాలువాలున్నాయిగా మాస్టారూ."

"ఇది ఇవాల్టిది కాదు," అన్నాను. "ఎనభై మూడుది. సెంటర్ హాఫ్ మార్సెలా తెతె వాటా. ఆ రోజు నేను మారియానుస్‌ని పిలిచాను. వాడు ఆడలేదు."

ఆ ఆట చూసినవాళ్ళు ఆ జనంలో ఆరుగురో ఏడుగురో ఉంటారు. పౌలీనా ముసలమ్మ ముందు "హో" అంది, తర్వాత అందరూ అన్నారు. మార్సెలా చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. తొందరపడకుండా వచ్చి, ఆకు అందుకుని, పైకెత్తి బరువు చూసుకుంది. వేలితో ముక్కలు అటూ ఇటూ కదిపి చూసింది. ఆవిడ కళ్ళు తడిసి ఉన్నాయి, ఆ సంగతి ఆవిడ ఒప్పుకోదు.

"నలభై ఏళ్ళు ఆపి ఇచ్చారు," అంది. "దాన్లోనూ ఎముకలే ఎక్కువేశారు."

ఆ ఆకు నెత్తిన పెట్టుకుని, ఊరి మధ్యలోంచి నడుచుకుంటూ ఇంటికి పోయింది.